వెలుగుకు నెలసరి అద్దె: ఏడేళ్ల ఒప్పందానికి ఒప్పుకోవాలా?

ప్రశ్న: చర్లపల్లిలో మాకు చిన్న ఎల్‌ఈడీ లైట్ల యూనిట్ ఉంది. గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో పైకప్పు కింద వేలాడే హైబే లైట్లు చేస్తాం. మా లైటులో డ్రైవర్ (ఎల్‌ఈడీకి సరిపడేలా కరెంటును మార్చి ఇచ్చే భాగం) పాడైతే నాలుగు స్క్రూలు విప్పి కొత్తది పెట్టేయొచ్చు. మిగతావాళ్ల లైటు పాడైతే మొత్తం పారేయాల్సిందే. కానీ మాది 7,500 రూపాయలు, వాళ్లది 5,200. ప్రతి కొటేషన్‌లో ధర దగ్గరే పోతున్నాం. ఇప్పుడు మేడ్చల్ వైపు ఒక గోదాముల కంపెనీ కొత్త ప్రతిపాదన పెట్టింది. 300 లైట్లు మా ఖర్చుతో మేమే బిగించాలి. అవి మా పేరు మీదే ఉంటాయి. వాళ్లు ఒక్కో లైటుకు నెలకు 150 రూపాయల చొప్పున ఏడేళ్లు కడతారు. ఏది పాడైనా బాగుచేసే బాధ్యత మాదే. మా అబ్బాయి చేసేద్దాం అంటున్నాడు, ఆడిటర్ గారు వద్దంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే ఏమేం రాయించుకోవాలి?
- ఒక పాఠకుడు, చర్లపల్లి

సమాధానం: ఈ తరహా ఒప్పందం చేసుకోండి. కానీ వాళ్లు చెప్పిన లెక్కతో మాత్రం చేసుకోకండి. మీ అబ్బాయి చెప్పేదీ నిజమే, ఆడిటర్ గారి భయమూ నిజమే. ఇద్దరి మాటా నిలబడేలా ఒప్పందాన్ని మార్చుకోవచ్చు.

ముందు మీ లైటు కొటేషన్‌లో ఎందుకు ఓడిపోతోందో చూడండి. కొనుగోళ్ల విభాగంలో కూర్చున్నవాళ్లకు కనిపించేది కొన్న రోజు ధర ఒక్కటే. రెండేళ్లకు ఆ 5,200 రూపాయల లైటు ఆరిపోతే, పది మీటర్ల ఎత్తున దాన్ని మార్చడానికి మనిషిని పైకెత్తే బూమ్ లిఫ్ట్ యంత్రాన్ని అద్దెకు తెచ్చి, ఆ వరుసలో సరుకు కదలకుండా ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పైకి పంపే ఖర్చు మెయింటెనెన్స్ వాళ్ల పద్దులో పడుతుంది. లైటు డిజైన్ చేసినవాడికి ఆ ఖర్చు అసలు తగలదు. పైగా ఇంకో లైటు అమ్ముడవుతుంది. పాడైనప్పుడు ఎవరి జేబులోంచి డబ్బు పోతుందో తేల్చేది ఒప్పందమే. ఆ జేబు తయారీదారుడిదైతే వస్తువు ఎక్కువకాలం మన్నేలా తయారవుతుంది. మీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే. కింద రాసినదంతా దాని ఆచరణే.

మీ లైట్ల రంగంలోనే దీనికి రుజువుంది. 1924లో ఆస్రమ్, ఫిలిప్స్, జనరల్ ఎలక్ట్రిక్ అనుబంధ సంస్థలు, మరికొన్ని పెద్ద బల్బు కంపెనీలు కలిసి జెనీవాలో ఫీబస్ అనే కూటమి కట్టాయి. అప్పటికి మామూలు బల్బులు 1,500 నుంచి 2,000 గంటల దాకా వెలుగుతున్నాయి. ఆ ఆయుష్షును 1,000 గంటలకు దించాలని ఈ కంపెనీలు రాసుకున్నాయి. ఎవరి బల్బు ఎంతసేపు వెలుగుతోందో ల్యాబ్‌లో పరీక్షించి, హద్దు దాటినవాళ్లకు జరిమానా వేశాయి. మన్నే బల్బు చేయడం చేతకాక కాదు, చేస్తే నష్టపోయేలా ఒప్పందం రాసుకున్నారు కాబట్టే ఆయుష్షు తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ కూటమి చెదిరిపోయింది.

అదే ఫిలిప్స్ 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్ విమానాశ్రయంతో పూర్తిగా వేరే ఒప్పందం చేసుకుంది. లైట్లు ఫిలిప్స్‌వే, విమానాశ్రయం వాడుకున్న వెలుగుకు డబ్బు కడుతుంది. బాగుచేయడం, చివర్లో విప్పి తీసుకెళ్లి మళ్లీ వాడుకోవడం తయారీదారు బాధ్యత. ఆ ఒప్పందం కోసం ఫిలిప్స్ లైటునే మార్చింది. పాడయ్యే భాగాలను సులభంగా మార్చుకునేలా చేసింది. మామూలు ఫిట్టింగుల కంటే 75 శాతం ఎక్కువకాలం మన్నుతాయని ప్రకటించింది. ఒకే కంపెనీ, తొంభై ఏళ్ల తేడాతో, ఒక ఒప్పందం కింద ఆయుష్షు తగ్గించింది, ఇంకో ఒప్పందం కింద పెంచింది. మీరిప్పుడు ఆ రెండో దారి గడపలో నిలబడ్డారు. మీలాంటి లైటు గెలవాలన్నది నా బలమైన కోరిక. అందుకే డబ్బు దగ్గర మీరు దెబ్బతినకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆడిటర్ గారి భయం సంగతికి వద్దాం. 300 లైట్లంటే 22.5 లక్షల రూపాయల సరుకు. నెలకు వచ్చేది 45,000. వడ్డీ లేకుండా లెక్కేసినా అసలు తిరిగి రావడానికే 50 నెలలు పడుతుంది. ఆ డబ్బును ఏడేళ్లకు 12 శాతం వడ్డీతో బ్యాంకు నుంచి తెస్తే నెల వాయిదా సుమారు 39,700. అంటే మరమ్మతులకు, మనుషులకు, బూమ్ లిఫ్ట్‌కు, మీ లాభానికి కలిపి మిగిలేది నెలకు 5,300. లైటుకు 18 రూపాయలు కూడా రాదు. మూడో ఏట నాలుగు డ్రైవర్లు ఒకేసారి పోతే ఆ నెల చేతినుంచి పెట్టుకోవాలి. ఇది మీరు వాళ్లకు ఏడేళ్ల అప్పు ఇచ్చి, దానిమీద ఉచితంగా సర్వీసు చేసినట్టు అవుతుంది.

పెద్ద సంస్థలకే ఈ పద్ధతి భారమైంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫానుకు విశాఖపట్నం వీధి దీపాలు దెబ్బతిన్నాక, కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థలు కలిసి పెట్టిన ఈఈఎస్‌ఎల్ అక్కడ 90 వేలకు పైగా ఎల్‌ఈడీ దీపాలు బిగించింది. పెట్టుబడి ప్రధానంగా ఈఈఎస్‌ఎల్‌ది. నగరపాలక సంస్థ తనకు ఆదా అయిన కరెంటు బిల్లులోంచి ఏళ్ల తరబడి వాయిదాలు కట్టాలి. ఊరికి వెలుగొచ్చింది, కరెంటు ఆదా అయ్యింది, ఆలోచన మంచిదే. తర్వాత అదే పద్ధతి దేశమంతా పాకింది, స్థానిక సంస్థల నుంచి రావాల్సిన బకాయిలు పేరుకుపోయి ఈఈఎస్‌ఎల్‌ను బాగా ఇబ్బంది పెట్టాయి. వెనకాల ప్రభుత్వ సంస్థలున్న కంపెనీ ఆ దెబ్బ ఓర్చుకోగలదు. చర్లపల్లి యూనిట్ ఓర్చుకోలేదు.

నా సలహా ఏమిటంటే, ఈ పనిని రెండు ముక్కలు చేయండి. లైటును 4,500 రూపాయలకు అమ్మండి. అది వాళ్లకు అలవాటైన 5,200 కంటే తక్కువే కాబట్టి కొనుగోళ్ల విభాగం కాగితంలో మీరే ముందుంటారు. దాంతోపాటు ఏడేళ్ల సర్వీసు ఒప్పందం, లైటుకు నెలకు 100 రూపాయలు, మూడు నెలలకోసారి ముందుగా చెల్లింపు. ఏడేళ్లలో వాళ్లు ఒక లైటు మీద కట్టేది మొత్తం 12,900. వాళ్లు అడిగిన పద్ధతిలో అయితే 12,600. తేడా 300 రూపాయలే. మీకు మాత్రం మొదటిరోజే 13.5 లక్షలు చేతికొస్తాయి. మిగిలిన 9 లక్షలకు అదే వడ్డీతో వాయిదా సుమారు 15,900. నెలకు వచ్చే 30,000లో దాన్ని తీసేస్తే సర్వీసుకు 14,000 పైన మిగులుతుంది. లైటుకు 47 రూపాయలు. దీంతో మీ పని నిలబడుతుంది.

లైట్లు వాళ్ల పేరు మీదకు వెళ్లిపోతే ఇక మన్నే డిజైన్‌కు ప్రోత్సాహం ఎక్కడిదని మీ అబ్బాయి అడగొచ్చు. పాడైన ప్రతిసారీ ఖర్చు మీదే కదా, మన్నే లైటు చేయాలన్న ఒత్తిడి అక్కడే ఉంటుంది. యాజమాన్యం ఎవరిదన్నది అకౌంట్లకు, బ్యాంకులకు సంబంధించిన సంగతి. అమెరికాలో ఇంటర్‌ఫేస్ అనే కార్పెట్ల కంపెనీ 1995లో కార్పెట్లను పూర్తిగా లీజుకివ్వాలని చూసింది. కార్పెట్ మాది, మేమే చూసుకుంటాం, పాతబడితే మేమే తీసుకెళ్తాం అంది. తీసుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. శుభ్రం చేసే ఖర్చు ఇంకో పద్దులో దాగి ఉండటంతో కొనుగోలుదారులకు లీజు ఖరీదుగా కనిపించింది. కాబట్టి మీరు సంతకానికి ముందు కొనుగోళ్ల మేనేజరుతో పాటు మెయింటెనెన్స్ హెడ్‌ను కూడా కూర్చోబెట్టండి. కిందటేడు లైట్లు మార్చడానికి బూమ్ లిఫ్ట్‌కు ఎంత అయ్యిందో ఆయన నోటితోనే చెప్పించండి. మీ 100 రూపాయలకు అంతకంటే మంచి సిఫార్సు దొరకదు.

మీ ఉత్తరంలో లేని ప్రశ్న ఒకటుంది: ఆ లైట్లు రోజుకు ఎన్ని గంటలు వెలుగుతాయి? పన్నెండు గంటలైతే ఏడేళ్లకు 30,660 గంటలు. ఇరవై నాలుగు గంటలూ నడిచే గోదామైతే 61,320. లైటు లోపల ఎల్‌ఈడీలు బిగించి ఉండే బోర్డులకు సాధారణంగా చెప్పే ఆయుష్షు 50,000 గంటలు. అదే ధర, అదే ఏడేళ్లు, కానీ రెండో సందర్భంలో బోర్డులన్నీ మార్చాల్సి రావచ్చు. ఏడాదికి ఇన్ని గంటల వరకు ఈ ధర, దాటితే గంటకు ఇంత అదనం అని రాయండి. ప్యానెల్‌లో గంటల మీటరు పెట్టండి. ఎవరూ తిరగని వరుసల్లో లైటు తగ్గించే సెన్సర్లు పెట్టడం ఇప్పుడు మీకూ లాభమే. తక్కువ కరెంటుతో వెలిగితే వేడి తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. కరెంటు బిల్లులో తగ్గినదాంట్లో కొంత వాటా అడగండి, తప్పులేదు.

వాళ్లకు మీరు ఇస్తానంటున్నది ఏమిటో కూడా స్పష్టంగా రాయాలి. "లైట్లు వెలుగుతూ ఉండాలి" అని రాస్తే ఐదో ఏట గొడవే. డ్రైవర్ పోతే తప్ప ఎల్‌ఈడీ సాధారణంగా ఒక్కసారిగా ఆరదు, నెమ్మదిగా మసకబారుతుంది. 70 శాతం వెలుగు మిగిలేదాకా అయ్యే గంటలనే పరిశ్రమలో ఆయుష్షుగా లెక్కిస్తారని మీకు తెలుసు, వాళ్లకు తెలియకపోవచ్చు. అందుకని నేల మట్టంలో ఎన్ని లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) ఉండాలో రాయండి. గోదాము ప్లాన్ మీద కొలిచే చోట్లు గుర్తుపెట్టి, ఆరు నెలలకోసారి ఇద్దరి సమక్షంలో లక్స్ మీటరుతో, అద్దాలు తుడిచిన తర్వాత కొలవాలని రాయండి. మొదటిరోజు కావాల్సినదానికంటే కొంత ఎక్కువ వెలుగుతో మొదలుపెడితే మసకబారే కొద్దీ సర్దుకుంటుంది. వోల్టేజీ హద్దు దాటినా, ఫోర్క్‌లిఫ్ట్ మాస్టు తగిలినా, వాళ్ల మనుషులు విప్పినా ఆ ఖర్చు వాళ్లది.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది డ్రైవర్ గురించి. మీరు కస్టమరుకు ఏడేళ్ల మాట ఇస్తున్నారు. మీకు డ్రైవర్ అమ్మేవాడు ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నాడు? రెండేళ్లేనా? అయితే మిగతా ఐదేళ్లు మీరు ఒంటరి. ఎల్‌ఈడీ లైటులో ముందుగా పోయేది తరచుగా డ్రైవరేనని, అందులోనూ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ అని మీకు నేను చెప్పక్కర్లేదు. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మే నెలలో మేడ్చల్ గోదాములో రేకుల కింద ఎంత వేడుంటుందో ఒకరోజు మధ్యాహ్నం థర్మామీటరు కట్టి చూడండి. ఆ సంఖ్య పట్టుకుని సప్లయర్ దగ్గరకు వెళ్లండి.

అతనితో చేసుకునే ఒప్పందం కస్టమరుతో చేసుకునేదాని కంటే ముఖ్యం. తయారీదారుకు మన్నికతో పని పడేలా ఒప్పందం రాసినా, అది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతే లోపలి భాగాలు పాత పద్ధతిలోనే వస్తాయి. డబ్బు కొంచెం ఎక్కువైనా ఐదేళ్ల వారంటీ అడగండి. ఆ మోడల్ ఆపేసేముందు ఆరు నెలల నోటీసు, చివరిసారి కొనుక్కునే అవకాశం అడగండి. కొత్త మోడల్ తెచ్చినా స్క్రూ రంధ్రాల కొలత, కనెక్టర్ మారకూడదని రాయించండి. బదులుగా మీరూ ఏదో ఒకటి ఇవ్వాలి. పాడైన ప్రతి డ్రైవర్‌నూ ఎన్ని గంటలు నడిచిందో, ఎంత వేడిలో ఉందో రాసి వెనక్కి పంపుతామని చెప్పండి. మామూలు వ్యాపారంలో అమ్మిన సరుకు తర్వాత ఏమైందో సప్లయర్‌కు తెలియదు. ఆ సమాచారం అతనికి విలువైనది. ఏ భాగం ఎందుకు పోయిందో ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలని షరతు పెట్టండి.

మీ డిజైన్‌లో కూడా ఈ సందర్భంగా రెండు మార్పులు చేయమంటాను. డ్రైవర్‌ను లైటు వేడికి దూరంగా విడి పెట్టెలో పెట్టండి. పిడుగుపాటు, వోల్టేజీ ఎగదన్నడం నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్‌ను డ్రైవర్‌లోనే ఇమిడ్చేయకుండా విడిగా మార్చుకునేలా ఉంచండి. ప్రతి దెబ్బకూ అది కొంత అరుగుతుంది. వందల రూపాయల భాగం అరిగిందని డ్రైవర్ మొత్తం మార్చడం దండగ.

పెద్ద కంపెనీల కొనుగోలు పత్రాల్లో ఎప్పటినుంచో ఉండిపోయిన ఒక వాక్యం మీద కన్నేయండి: "సరఫరా చేసే వస్తువులు, విడిభాగాలు పూర్తిగా కొత్తవి, వాడనివి అయ్యుండాలి." మోసం జరగకుండా పెట్టుకున్న షరతు అది. కానీ అది ఉన్నంతకాలం మీరు ఒక లైటులోంచి తీసి బాగుచేసిన డ్రైవర్‌ను ఇంకో లైటులో పెట్టలేరు. పాత లైటు బాడీకి కొత్త బోర్డు బిగించి ఇవ్వలేరు. మీ లైటు విప్పడానికి వీలుగా ఉండటం వల్ల వచ్చే లాభమంతా ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతుంది. దాన్ని కొట్టేయించి, మొదటి సరఫరా కొత్తది, తర్వాత మార్చే భాగాలు కొత్తవి గానీ, కొత్తవాటికి పెట్టే పరీక్షలే పాసైన పునరుద్ధరించినవి గానీ కావచ్చు, వారంటీ రెండింటికీ ఒకటే అని రాయించండి. ఇదే వరుసలో ఇంకోటి, ఏడేళ్లూ ఫలానా మోడల్ నంబరే ఉండాలని ఒప్పుకోకండి. మూడేళ్ల తర్వాత మెరుగైన బోర్డు వస్తే, అదే వెలుగు తక్కువ కరెంటుతో ఇస్తే, మార్చే స్వేచ్ఛ మీకుండాలి.

ఏడేళ్ల తర్వాత సంగతి. లైటులో ఎక్కువకాలం చెక్కుచెదరకుండా ఉండేది డై కాస్ట్ అల్యూమినియం బాడీ. అది మీ దగ్గరకే తిరిగి రావాలి. "కాలం ముగిశాక తయారీదారు వెనక్కి తీసుకుంటారు" అని ఊరికే రాస్తే, ఆ సమయానికి స్క్రాప్ కొనేవాళ్లు వచ్చి కిలోల లెక్కన తూకం వేసుకుని పోతారు. ధర రాయండి. ఆ రోజు అల్యూమినియం స్క్రాప్ రేటు కంటే ఇంత శాతం ఎక్కువ ఇస్తామని, బాడీ పగలకుండా సీరియల్ నంబరు కనిపించాలని, ఆ మొత్తం తర్వాతి ఆర్డర్‌లో తగ్గిస్తామని. నగదుగా ఇవ్వాల్సిన పనిలేదు, పైగా వాళ్లు మళ్లీ మీ దగ్గరకే వస్తారు. బాడీ మీద సీరియల్ నంబరు స్టిక్కరుగా కాకుండా చెక్కించండి, ఏడేళ్ల దుమ్ముకు స్టిక్కరు నిలవదు.

ఇక్కడ ఈ-వ్యర్థాల నియమాలు కూడా మీకు వర్తించవచ్చు. 2022లో వచ్చిన ఈ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి షెడ్యూల్‌లో ఉన్న వస్తువుల తయారీదారులు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి, తమ లక్ష్యం మేరకు రీసైక్లింగ్ జరిగినట్టు సర్టిఫికెట్లు చూపాలి. వస్తువును బాగుచేసి ఆయుష్షు పెంచితే, ఆ మేరకు బాధ్యతను వాయిదా వేసుకునే ఏర్పాటు కూడా వాటిలో ఉంది. మీ యూనిట్ సూక్ష్మ పరిశ్రమ కింద వస్తుందా, చిన్న పరిశ్రమ కింద వస్తుందా, మీ లైటు షెడ్యూల్‌లో ఏ వరుసలో ఉందన్నవి ఆడిటర్ గారితో తేల్చుకోండి.

మధ్యలో వాళ్లు మానేస్తే? మీ 9 లక్షలు నెలసరిలోనే తిరిగి వస్తున్నాయి కాబట్టి ఇది తప్పకుండా రాయాలి. "మిగిలిన ఏడేళ్ల డబ్బంతా కట్టాలి" అని గట్టిగా రాయాలనిపిస్తుంది. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. ఒప్పందంలో రాసుకున్న మొత్తం దానికి పై హద్దు మాత్రమే. కాబట్టి మొదటి ఏడాది ఆపితే ఇంత, రెండో ఏడాది ఇంత అని, నిజంగా మీకు తిరిగి రావాల్సిన అసలు ఆధారంగా ఏడు వరుసల పట్టిక వేసి జతచేయండి. లెక్క కళ్లముందు ఉంటే వాళ్లూ త్వరగా ఒప్పుకుంటారు. మీ వైపు నుంచి కూడా ఒక భరోసా ఇవ్వాలి. ఏడేళ్లలో మీ యూనిట్ మూతపడితే తమ గతేమిటని వాళ్లు తప్పకుండా ఆలోచిస్తారు. డ్రైవర్ కొలతలు, వైరింగ్ డ్రాయింగు, సప్లయర్ వివరాలు సీల్డు కవర్లో వాళ్ల దగ్గర ఉంచి, మీరు సర్వీసు ఆపేసిన రోజున తెరవొచ్చని రాయండి.

చెల్లింపుల విషయంలో చట్టం మీ వైపు ఉంది, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉంటే చాలు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులకు మించి బాకీ పెట్టడానికి లేదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. గడువు దాటిన బాకీని అదే ఏడాది ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవడానికీ లేదు, అసలు కట్టిన ఏడాదే చూపుకోవాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇది నడుస్తోంది. పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మీ ఉద్యమ్ నంబరు ప్రతి ఇన్‌వాయిస్ మీదా అచ్చువేయండి.

ఒక్కసారిగా 300 అనకుండా ఒక గోదాములో 60 లైట్లతో మొదలుపెట్టి, ఒక వేసవి, ఒక వర్షాకాలం గడిచాక మిగతా 240కి ఇదే ధర వర్తించేలా రాసుకోగలిగితే ఇంకా మంచిది. వాళ్లు దానికి ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, పై లెక్కతో ముందుకెళ్లొచ్చు. కానీ డ్రైవర్ సప్లయర్ నుంచి ఐదేళ్ల వారంటీ కాగితం మీద రాకముందు మాత్రం సంతకం పెట్టకండి. అతను రెండేళ్లకు మించి కదలనంటే ఇంకో సప్లయర్‌ను వెతకండి. అదీ కుదరకపోతే సర్వీసు కాలాన్ని ఏడు నుంచి నాలుగేళ్లకు తగ్గించి, లైటు ధరను పెంచి మళ్లీ లెక్కేసుకుని మాట్లాడండి.